ఏడో ప్రశ్నకి నీలం

చివరి పీరియడు. కంప్యూటర్ గదిలో ఇద్దరే ఉన్నారు: ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే బడిలో సైన్సు చెబుతున్న టీచరు, ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకుని ఇప్పుడు ఇక్కడే కంప్యూటర్ సారుగా చేరినవాడు. ఊరందరికీ సారే గానీ, ఆవిడ ముందు మాత్రం ఇంకా మూడో బెంచీ కుర్రాడే.

"అది కాదు టీచర్..."

"ఏది కాదు? నువ్వే చూడు. నలభై మూడు మంది పిల్లలు. ఏడో ప్రశ్నకి నలభై మూడు మందీ ఒకే జవాబు నొక్కారు. ఈ మిషనేమో అందరికీ తప్పు పెట్టి కూర్చుంది. నలభై మూడు మందికీ తప్పెలా అవుతుందిరా?"

"అవ్వచ్చు టీచర్."

"కొందరికి తప్పు పోయిందంటే పిల్లలు చదవలేదని. అందరికీ పోయిందంటే పేపరు తప్పని. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్నది అదొక్కటే. మార్చు."

"ఏం మార్చను?"

"జవాబు. అదేదో అంటారుగా, కీ. నీలం అన్నదాన్ని ఒప్పు చెయ్యి. నాకు చేతకాకే నిన్ను పిలిచాను."

"మొత్తం పరీక్షే తీసేద్దాం టీచర్. రేపు కొత్తది పెడదాం. నేనే కూర్చుని చేసిపెడతాను."

"తీసెయ్యడమా! వారం రోజుల నుంచీ పడుతున్నాను ఈ సైట్లతో. మొదటి దాంట్లో పాఠం చెబుతుంటే తెర మీద నా నెత్తిన పిల్లి చెవులు మొలిచాయి. రెండో దాంట్లో పేర్ల చక్రం తిప్పితే మూడుసార్లూ ఒకే పిల్ల పేరొచ్చింది, అది ఏడుపు లంకించుకుంది. ఈ మూడోదొక్కటే నా మాట విన్నది. దీన్ని తీసేస్తానంటావా?"

"రేపు ఇంకా బాగా..."

"రేపు ఒకటో తారీఖు. పెద్ద మేడం ఏమన్నారో నువ్వూ విన్నావుగా. నెలాఖరులోపు ఆన్‌లైన్‌లో ఒక్క పరీక్షయినా పెట్టి, మార్కులు అమ్మానాన్నల ఫోన్లకి పంపినవాళ్ళకే పై ఏడు పదో తరగతి. మిగతావాళ్ళు లైబ్రరీలో పుస్తకాలకి అట్టలు వేసుకోవాలి. పదో తరగతి లేకపోతే నేనెవర్నిరా ఈ బళ్ళో?"

"మార్కులు ఎన్నింటికి వెళ్ళేలా పెట్టారు టీచర్?"

"చివరి గంటకి. మూడూ యాభైకి. ఎవరూ చెప్పకుండా నేనే పెట్టాను ఆ టైము!"

"ఇప్పుడు మూడూ పన్నెండు. మూడూ యాభైకి దానంతటదే వెళ్ళిపోతుంది. మనం ఆపితే తప్ప ఆగదు."

"అప్పుడూ టైమే, ఇప్పుడూ టైమే. గడియారమని నీకు ఊరికే పేరు పెట్టానా? ఒరేయ్ గడియారం, మాట తప్పించకు. కీ మార్చు."

"నెట్ కొంచెం నెమ్మదిగా ఉంది టీచర్."

"ఇందాక నీ ఫోన్లో పాట బ్రహ్మాండంగా వచ్చింది."

"అది... అది వేరే టీచర్."

"నీళ్ళు నమలకు. నిన్ను ఆరో తరగతి నుంచీ చూస్తున్నాను. హోంవర్కు చెయ్యనప్పుడు కూడా ఇలాగే చెవి గోక్కునేవాడివి. ఏమిటి సంగతి?"

"ప్రశ్న ఒకసారి చదవండి టీచర్."

"కంఠతా వచ్చు. సిరల్లో, అంటే గుండెకి తిరిగి వచ్చే రక్తనాళాల్లో, రక్తం ఏ రంగులో ఉంటుంది? ఒకటి నీలం. రెండు ముదురు ఎరుపు. మూడు పసుపు. నాలుగు, రంగు ఉండదు. సైటులో వెయ్యి ప్రశ్నలుంటే ఇది చూడగానే ప్రాణం లేచొచ్చింది, నా పాఠం కోసమే పెట్టినట్టుంది అనుకున్నాను. మిషన్ రెండోది ఒప్పంటోంది. ముదురు ఎరుపట!"

"అవును టీచర్."

"ఏమిటి అవును?"

"ముదురు ఎరుపే టీచర్. సిరల్లో కూడా ఎరుపే. రక్తం ఎక్కడున్నా ఎరుపే."

"తాతకి దగ్గులు నేర్పుతున్నావా?"

"కాదు టీచర్..."

"నా గుండె పాఠం నువ్వు విన్నావా లేదా? బోర్డు మీద ఎర్ర చాక్‌పీసుతో మంచి రక్తం, నీలం చాక్‌పీసుతో చెడ్డ రక్తం. ఎర్ర దారి, నీలి దారి. ఆ రోజు పక్క సెక్షను పిల్లలు కిటికీ దగ్గర గుంపు కట్టేవాళ్ళు. పెళ్ళిళ్ళయిపోయిన పిల్లలు కూడా బస్సులో కనబడితే ఆ రెండు చాక్‌పీసుల మాటే ఎత్తుతారు."

"విన్నాను టీచర్. బొమ్మ ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టే ఉంది."

"మరి? పుస్తకంలో కూడా నీలమేగా!"

"పుస్తకంలో గుర్తు కోసం వేశారు టీచర్. ఇది పోయే దారి, ఇది వచ్చే దారి అని తెలియడానికి. కుళాయి మీద వేడినీళ్ళకి ఎర్ర చుక్క పెడతారు. నీళ్ళు ఎర్రగా వస్తాయా?"

"ఇదిగో, నా చెయ్యి చూడు. మణికట్టు దగ్గర. ఏ రంగు?"

"నీలంగా కనబడుతోంది."

"మరి కళ్ళెదురుగా కనబడుతుంటే!"

"చర్మం మీంచి అలా కనబడుతుంది టీచర్. లోపల ఎరుపే."

"లోపల నీలమేరా. తెగి బయటికి రాగానే గాలి తగిలి ఎర్రబడుతుంది. ఈ మాట కూడా ఏటేటా చెబుతాను. ఎవడో ఒకడు అడుగుతాడని."

"టీచరమ్మా, లోపలికి రావచ్చా?"

"ఎవరూ, ఆయమ్మా? రా. ఏంటి?"

"పెద్ద మేడం కబురు పెట్టారమ్మా. పరీక్ష మార్కులు ఇవాళ వెళ్ళిపోతాయా, లేదా అని కనుక్కు రమ్మన్నారు. అందరి ఎదురుగా మీ గురించే గొప్పగా చెబుతున్నారు. ఈ వయసులో ఆవిడ చేసింది, మీకేం రోగం అని కుర్ర టీచర్లని దులిపేస్తున్నారు."

"వెళ్ళిపోతాయని చెప్పు. కంప్యూటర్ సార్ గారు కూడా పక్కనే ఉన్నారని చెప్పు. ఏమండీ సార్?"

"అవునండీ. చెప్పండి ఆయమ్మా."

"అలాగేనండి."

"ఆగు ఆయమ్మా. నిన్నొకటి అడుగుతాను. రక్తం ఏ రంగు?"

"అయ్యో, ఎవరికి దెబ్బ తగిలిందమ్మా?"

"ఎవరికీ తగల్లేదు. ఊరికే చెప్పు."

"ఎరుపేనమ్మా. ఇంకే రంగుంటుంది?"

"లోపల? నరాల్లో ఉన్నప్పుడు?"

"లోపల ఎవరు చూశారమ్మా? నాకు చీపురుంది, గదులున్నాయి, వస్తాను."

"చూశావా? లోపల ఎవరు చూశారంది. చదువుకోని మనిషే అయినా ఎంత పద్ధతిగా చెప్పిందో."

"టీచర్, మీకు షుగరు పరీక్షకి రక్తం తీస్తారు కదా?"

"మూడు నెలలకోసారి. అయితే?"

"ఎక్కణ్ణుంచి తీస్తారు?"

"మోచేతి మడత దగ్గర."

"అది సిరే టీచర్. సూదిలోంచి తిన్నగా గొట్టంలోకి వస్తుంది. మధ్యలో గాలి తగలదు. ఆ గొట్టంలో ఏ రంగుంటుంది?"

"నేను అటు తిరిగి కూర్చుంటాను."

"ఎటు?"

"గోడవైపు. గోడ మీద క్యాలెండరుంటుంది. అది చూస్తూ కూర్చుంటాను. నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయిరా."

"మీకా?"

"నవ్వకు."

"నవ్వట్లేదు టీచర్."

"చిన్నప్పటి నుంచీ అంతే. పిల్లల మోకాళ్ళు చెక్కుకుపోతే కట్టు కట్టమని ఆయమ్మ దగ్గరికి పంపేదాన్ని. కాలేజీలో కప్ప కోసే రోజు జ్వరమని ఇంట్లో పడుకున్నాను. పుస్తకం చూసి పాసయ్యాను. పుస్తకంలో నీలంగా ఉంది. ఆ గొట్టంలో ఏ రంగుంటుందిరా?"

"ఎరుపే టీచర్. కొంచెం చిక్కగా, నలుపు తిరిగిన ఎరుపు."

"నువ్వు చూశావా?"

"చూశాను టీచర్. నేను రెండుసార్లు రక్తం ఇచ్చాను. సంచీ నిండేదాకా చూస్తూనే ఉన్నాను."

"ముప్పై ఒక్క ఏళ్ళు. ఏటా రెండు సెక్షన్లు. సెక్షనుకి నలభై మంది. ఎంతమందిరా?"

"ఇప్పుడు లెక్కలెందుకు టీచర్."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇంటర్ మొదటి సంవత్సరంలో. నేను లేచి గట్టిగా నీలం సార్ అన్నాను. లెక్చరర్ నవ్వారు. క్లాసంతా నవ్వింది."

"ఇంటర్ అంటే పద్నాలుగేళ్ళయింది. ఇక్కడ చేరి మూడేళ్ళయింది. రోజూ నా పక్కన కూర్చుని క్యారేజీ విప్పుతావు. ఒక్క రోజు చెప్పాలనిపించలేదా?"

"ఎలా చెబుతాను టీచర్? నన్ను ఈ ఉద్యోగంలో పెట్టించింది మీరు. పెద్ద మేడంతో వాదించి మరీ పెట్టించారు. మీ దగ్గరికొచ్చి, టీచర్ మీ పాఠం తప్పు అనమంటారా?"

"అనాలి."

"మీరు ఊరుకునేవారా?"

"ఊరుకునేదాన్ని కాదు. సరే. వినేదాన్ని కాదు. ఇప్పుడు టైమెంత?"

"మూడూ ఇరవై ఎనిమిది."

"కీ మార్చి నీలం ఒప్పని పెడితే?"

"నలభై మూడు ఫోన్లకీ వెళుతుంది, జవాబు నీలమని. పిల్లల్లో ఒకరి నాన్న ల్యాబులో రక్తం తీసే ఆయన. ఒకరి అమ్మ నర్సు."

"మార్చకుండా వదిలేస్తే?"

"క్లాసు క్లాసంతా ఒకే తప్పు రాశారని కనబడుతుంది. నలభై మూడు మంది ఒకే తప్పు రాశారంటే ఎవరు నేర్పారో ఎవరికైనా తెలుస్తుంది."

"తీసేస్తే?"

"పెద్ద మేడంకి మార్కులు వెళ్ళవు."

"లైబ్రరీ."

"అవును టీచర్. కానీ తీసేద్దాం. లైబ్రరీ అయినా పరవాలేదు. నేను మేడంతో మాట్లాడతాను. సర్వర్ పోయిందని చెబుతాను. నా తప్పేనని చెబుతాను."

"అడకత్తెరలో పోకచెక్కని చేశావు కదరా నన్ను."

"నేనేం చేశాను టీచర్!"

"నువ్వు కాదులే. నేనే. ఆ టైము కూడా నేనే పెట్టుకున్నాను. ముందు నుయ్యి తవ్వుకుని వెనకాల గొయ్యి కూడా నా చేత్తోనే తవ్వుకున్నాను. కాసిని నీళ్ళియ్యి."

"ఇదిగోండి."

"సిగ్గుగా ఉందిరా. చాలా సిగ్గుగా ఉంది. రేపు ఆ నీలం చాక్‌పీసు చేత్తో పట్టుకోలేను."

"తీసేస్తున్నాను టీచర్. ఇదిగో, ఇక్కడ ఒక్క నొక్కు. అంతా పోతుంది. ఎవరికీ తెలియదు."

"చెయ్యి తియ్యి."

"టీచర్..."

"చెయ్యి తియ్యమన్నానా? తీసెయ్యకు. కీ కూడా మార్చకు. దీంతో పాటు ఉత్తరం లాంటిది పంపొచ్చా? అమ్మానాన్నలకి నాలుగు ముక్కలు?"

"పంపొచ్చు. కానీ..."

"కానీ లేదు. కొట్టు. నేను చెబుతాను. 'తల్లిదండ్రులకి నమస్కారం.'"

"టీచర్, నా మాట వినండి. ఒక్కసారి నా మాట..."

"నీ మాట పద్నాలుగేళ్ళు ఆలస్యంగా విన్నాను, ఇంక చాలు. కొట్టు. 'ఏడో ప్రశ్నకి పిల్లలందరూ తప్పు రాశారు. సిరల్లో రక్తం కూడా ఎరుపే.' కొట్టావా?"

"కొట్టాను."

"'నీలమని నేనే చెప్పాను. పిల్లలు నన్ను నమ్మి రాశారు. తప్పు నాది, పిల్లలది కాదు. రేపు మళ్ళీ పాఠం చెబుతాను.' అంతే. నా పేరు పెట్టు."

"బాగుంది టీచర్. చాలా బాగుంది. ఒక్క మాట తీసేద్దామా?"

"ఏ మాట?"

"నన్ను నమ్మి, అన్నది."

"ఎందుకు?"

"వాక్యం పొడుగైపోయింది."

"నాలుగు మాటల వాక్యం పొడుగయిందా? అదే కదరా నాకు మిగిలింది! పాఠం తప్పే. ఒప్పుకున్నాను. కానీ నలభై మూడు మంది పసివాళ్ళు మా టీచర్ చెప్పింది అని కళ్ళు మూసుకుని నమ్మారు. ఆ నమ్మకానికైనా నేను తలెత్తుకుని క్షమించమని అడగొద్దా?"

"అడగండి. కానీ ఆ మాట వద్దు టీచర్."

"మళ్ళీ చెవి గోక్కుంటున్నావు."

"లేదు టీచర్."

"ఇందాకటి నుంచీ తీసేద్దాం, తీసేద్దాం అని ఒకటే గోల. నిజం చెప్పేశాక కూడా తీసేద్దామనే అన్నావు. ఇంకా ఏం దాస్తున్నావు?"

"ఏం లేదు టీచర్."

"తెర మీద ఆ మూల ఏమిటది? మాట్లాడే బుడగలాగుంది. పక్కన నలభై మూడని ఉంది."

"అది... సైటువాళ్ళే పెడతారు. అక్కర్లేదు."

"నొక్కు."

"టైము మూడూ నలభై టీచర్."

"నొక్కకపోతే నేను నొక్కుతాను. అంతవరకూ నేర్చుకున్నాలే."

"టీచర్, అవి అమ్మానాన్నలకి వెళ్ళవు. పెద్ద మేడంకి కూడా వెళ్ళవు. మీరు తప్ప ఎవరూ చూడరు. మీరు కూడా చూడకపోతే అసలు లేనట్టే."

"ఏమున్నాయి అందులో?"

"ప్రతి ప్రశ్న కిందా ఒక గడి ఉంటుంది. ఈ జవాబు ఎందుకు ఎంచుకున్నారో ఒక ముక్క రాయమంటుంది. పిల్లలు రాశారు. ఇందాక మీరు పిలిచినప్పుడు వచ్చీ రాగానే చూశాను. అది మిషన్ అడిగిందనుకున్నారు టీచర్. మీకు తెరవడం రాదనుకున్నారు."

"కళ్ళజోడు తేలేదు. నువ్వే చదువు."

"వద్దు టీచర్."

"చదవరా."

"'రక్తం ఎరుపు. టీచర్ పరీక్షలో నీలం.'"

"ఇంకోటి."

"'మా అక్క చెప్పింది. ఈ టీచర్ దగ్గర నీలం అనాలి, పెద్ద పరీక్షలో ఎరుపు రాయాలి.'"

"ఇంకోటి."

"'ఎరుపని నెట్లో చూశాను. టీచర్ బాధపడతారని నీలం పెట్టాను.'"

"బాధపడతానని! ఇంకోటి."

"చాలు టీచర్."

"చదువు."

"'మా అమ్మ కూడా ఈ బడే. ఎరుపని రాసినందుకు మూడు రోజులు వరండాలో నిలబెట్టారట. నన్ను నోరు మూసుకుని నీలం నొక్కమంది.'"

"ఎవరు? ఎవరి అమ్మ?"

"పేరు ఉంది టీచర్. చెప్పనా?"

"వద్దు. చెప్పినా నాకు గుర్తు రాదు. ఎంతమందిని నిలబెట్టానో! మూడు రోజులు. ఆ అమ్మాయికి ఇంకా గుర్తుంది చూడు."

"పాత సంగతి టీచర్."

"ఆవిడకి పాతదైతే పిల్లకెందుకు చెబుతుంది? ఎంతమంది రాశారు ఇలాగ?"

"ఇంచుమించు..."

"ఇంచుమించు వద్దు."

"అందరూ టీచర్. ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. నీలమని నమ్మి నొక్కినవాళ్ళు ఎవరూ లేరు."

"మిషన్‌కి నిజం చెప్పారు. నాకు నీలం చెప్పారు."

"పిల్లలు టీచర్. వాళ్ళకేం తెలుసు."

"అన్నీ తెలుసు. నాకే ఏమీ తెలియదు. మరి నువ్వు? నా దగ్గర చదివేటప్పుడు నువ్వు నమ్మావా?"

"నేను నమ్మాను టీచర్. ఒట్టు. ఇంటర్‌లో నవ్వేదాకా నమ్మాను. మూడూ నలభై ఎనిమిది టీచర్. ఏం చెయ్యమంటారు? ఇప్పటికీ తీసెయ్యొచ్చు."

"ఆ మాట తీసెయ్."

"ఏది?"

"నన్ను నమ్మి, అన్నది. 'పిల్లలు రాశారు. తప్పు నాది.' అంతవరకు ఉంచు. అంతవరకు నిజమే."

"తీసేశాను."

"వదిలెయ్. వెళ్ళనీ."

"గంట కొడుతున్నారు టీచర్. వెళ్ళిపోయింది. నలభై మూడు ఫోన్లకీ వెళ్ళింది. పెద్ద మేడంకి కూడా."

"కూర్చో. వెళ్ళకు."

"ఇక్కడే ఉన్నాను టీచర్."

"ఆ కిటికీ దగ్గర గుంపు కట్టిన పిల్లలు, బస్సులో చాక్‌పీసుల మాట ఎత్తినవాళ్ళు, మీ పాఠం మరచిపోలేం టీచర్ అని కార్డులు రాసినవాళ్ళు... అవన్నీ ఒక పెట్టెలో దాచుకున్నానురా. ఇప్పుడు ఆ పెట్టె తెరవాలంటే భయమేస్తోంది."

"అలా అనుకోకండి టీచర్."

"ఒక్కటడుగుతాను. నేను నొచ్చుకుంటానని చూడకు, నాకేం కావాలో ఆలోచించకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను మంచి టీచర్నేనా?"

"అదేం మాట టీచర్! మీ అంత మంచి టీచర్ని నేనింతవరకు చూళ్ళేదు."

"నువ్వూ నీలమే నొక్కావురా."